ఇల్లు ఎవరి కొలతకు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి విషయంలో ఆడవాళ్ల మాట కొంతైనా చెల్లుతుంది. చీరలు, పెట్టుపోతలు, వంటలు అన్నీ మనల్నే అడుగుతారు. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం మేస్త్రీ మాట్లాడేది ఇంటాయనతోనే. వంటింటి గట్టు ఎటువైపు, దేవుడి అర ఎక్కడ, టైల్స్ ఏ రంగు... మన వంతు అంతవరకే. గుమ్మం ఎంత వెడల్పుండాలి, మెట్టు ఎంత ఎత్తుండాలి, స్నానాల గది తలుపు ఎటు తెరుచుకోవాలి అని మనల్ని ఎవరూ అడగరు. మనమూ కల్పించుకోం. ఆ మెట్లు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగేది మాత్రం మనమే. తుంటి విరిగిన అత్తగారిని ఆ స్నానాల గదిలోకి నడిపించేదీ మనమే.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటారా? హైదరాబాద్ పాతబస్తీలో ఎన్నో ఇళ్లు మళ్లీ కట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, షాలిబండ, అలియాబాద్ మీదుగా రోడ్డును 100 అడుగులు చేయాలి. మొదట వేసిన లెక్కలో సుమారు 1100 ఆస్తులు అందులో పోతాయన్నారు. గజానికి 81 వేల రూపాయలు పరిహారంగా ఖరారు చేశారు. 2025 జనవరిలో చెక్కులు ఇవ్వడం, కూల్చడం మొదలైంది.

పరిహారం సరిపోతుందా లేదా అన్న చర్చ పత్రికల్లో చాలా జరిగింది. కూల్చిన చోట మళ్లీ లేచే ఇల్లు ఎట్లా ఉండాలన్న చర్చ మాత్రం నాకు ఎక్కడా వినబడలేదు. నా దృష్టిలో అది ఆడవాళ్లు మొదలుపెట్టాల్సిన చర్చ.

సగం తెగిన ఇల్లు

పూర్తిగా పోయిన ఇంటి కష్టం ఒకటైతే, సగం తెగిన ఇంటి కష్టం ఇంకొకటి. 60 గజాల్లో 20 గజాలు రోడ్డుకు పోయాయనుకోండి. మిగిలిన 40 గజాల్లోనే అదే కుటుంబం సర్దుకోవాలి. పక్కకు జరగడానికి చోటుండదు. ఇక పైకి పోవడమే. కింద షట్టర్ వేసి దుకాణం కిరాయికిస్తే నెలనెలా నాలుగు డబ్బులొస్తాయి కాబట్టి సంసారం మొదటి అంతస్తుకు ఎక్కుతుంది. పెద్దకొడుకు పెళ్లైతే రెండో అంతస్తు లేస్తుంది. చిన్నకొడుక్కి మూడోది. లిఫ్టుకు చోటూ ఉండదు, డబ్బూ ఉండదు.

హరిబౌలి వెనక గల్లీలో రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడను పలకరించాను. "దిగుడంటే ఎట్లనో దిగుతా బిడ్డా. మళ్ల ఎక్కుడే నాతోని అయితలేదు. బోనాలకు దిగిన్నంటే మళ్ల ఏడాది బోనాలకే" అంది నవ్వుతూ. ఆ నవ్వు విని ఊరుకోగలమా? సొంత ఇంట్లో, సొంత వాళ్ల మధ్య, ఏ నేరమూ చెయ్యని మనిషి ఏడాదికొకసారి నేలమీద కాలు పెడుతోందంటే దానికి ఏం పేరు పెట్టాలి?

ఆ మెట్ల లెక్క కొంచెం చూద్దాం. నేల నుంచి స్లాబు దాకా 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళాలు దాటకూడదు, కాలు పెట్టే వెడల్పు 10 అంగుళాలకు తగ్గకూడదు. అలా కడితే 16 ఎత్తులు వస్తాయి, మెట్లకు నేలమీద పన్నెండున్నర అడుగుల పొడవు కావాలి. మేస్త్రీ ఏం చేస్తాడంటే ఎత్తు ఎనిమిదిన్నర, తొమ్మిది అంగుళాలకు పెంచి, వెడల్పు 8 అంగుళాలకు కోసేస్తాడు. పొడవు తొమ్మిది అడుగుల లోపే సరిపోతుంది. మిగిలేది దాదాపు నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగుల కోసం ఇంట్లోని ముసలివాళ్లు, చిన్నపిల్లలు, నిండు గర్భిణులు, సిజేరియన్ అయిన బాలింతలు, మోకాళ్ల నొప్పుల వాళ్లు జీవితాంతం గోడ పట్టుకుని ఎక్కాలి. పాదం సగమే ఆనే మెట్టు మీద, చేతిలో బట్టల బకెట్‌తో దిగే మనిషిని ఊహించుకోండి.

పడిపోవడం చిన్న విషయం అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా ప్రపంచంలో 6 లక్షల 84 వేల మంది కేవలం జారిపడి, కిందపడి చనిపోతున్నారు. అందులో 80 శాతానికి పైగా పేద, మధ్యతరగతి దేశాల వాళ్లే.

ఇంకో లెక్క కూడా ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలని తేలింది. అంటే ఇల్లనే పనిముట్టును ఎక్కువగా వాడేది మనం. పనిముట్టు కొలత మాత్రం మనది కాదు.

గుల్జార్ హౌజ్ చెప్పిన పాఠం

ఇరుకు దారి కేవలం అసౌకర్యం అనుకునేవాళ్లు 2025 మే 18ని గుర్తు చేసుకోవాలి. ఆ ఉదయం చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక భవనంలో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కాపురం. ఒకే కుటుంబానికి చెందిన 17 మంది ప్రాణాలు కోల్పోయారు. అందులో 8 మంది పిల్లలు. లోపలికి సొరంగం లాంటి ఇరుకు దారి, పైకి సుమారు మీటరు వెడల్పున్న మెట్లు... లోపలివాళ్లు బయటకు రావడానికీ, బయటివాళ్లు లోపలికి పోవడానికీ అదే దారి.

ఆ కుటుంబాన్ని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. పాతబస్తీలో అలాంటి ఇళ్లు వేలున్నాయి. ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే. చక్రాల కుర్చీ పట్టే దారి అంటే ఎవరో వికలాంగుల కోసం విడిగా చేసే ఉపకారమనుకుంటాం. పొగలో కళ్లు కనబడని మనిషి, చంకలో బిడ్డను పెట్టుకుని పరిగెత్తే తల్లి, స్ట్రెచర్ మోసుకొచ్చే ఫైర్ సిబ్బంది, వీళ్లందరికీ కావాల్సింది కూడా ఆ దారే. వెడల్పయిన గుమ్మం, పట్టుకోవడానికి కడ్డీ, అడ్డంలేని నడవ. కాళ్లు లేనివాళ్లకు పనికొచ్చే ఇల్లు కాళ్లున్నవాళ్ల ప్రాణమూ కాపాడుతుంది.

ఒకప్పుడు ఇట్లా లేదు

పాతబస్తీ ఇళ్లు ఎప్పుడూ ఇట్లాగే ఉండేవనుకుంటే పొరపాటు. దేవిడీ అయినా, మామూలు పెంకుటిల్లయినా ఎక్కువగా నేల మీదే పరుచుకుని ఉండేవి. నడుమ ఆకాశం కనబడే సెహన్, దాని చుట్టూ దాలాన్, ఆ వెనక గదులు. తెలుగిళ్లల్లో దాన్నే మండువా అన్నాం. వీధిలోకి రాకుండానే ఆడవాళ్లకు ఎండ, గాలి, వాన అందేవి. మంచం పట్టిన అమ్మమ్మను పొద్దున్నే దాలాన్‌లోకి తెచ్చి పడుకోబెడితే ఇంట్లో వాళ్లంతా ఆమె కళ్లముందే తిరిగేవారు. సెహన్ పోయాక ఆడవాళ్లకు మిగిలింది డాబా ఒక్కటే. దానికి పోయేది అన్నింటికన్నా నిటారు మెట్లు.

ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆ ఇళ్లల్లోనూ ఎత్తు గడపలున్నాయి, దూరంగా చీకట్లో మరుగుదొడ్లున్నాయి. పైగా సౌకర్యం అనేది హోదాను బట్టే దక్కేది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం చూసినవాళ్లకు తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల గది రెండంతస్తుల పొడవాటి బీరువాల వరస. దానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది! బట్టల గదికే లిఫ్టున్న ఊళ్లో ఈనాడు మనుషులు మూడంతస్తులు మోకాళ్ల మీద ఎక్కుతున్నారు.

చట్టం గుమ్మం దగ్గరే ఆగింది

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1995లో మొదటి వికలాంగుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో కొత్త చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. అందులోని 44వ సెక్షన్ ప్రకారం సంస్థలు కట్టే భవనాల ప్లాను వికలాంగుల సదుపాయాల నిబంధనలకు తగ్గట్టు లేకపోతే అనుమతి ఇవ్వకూడదు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ 2017లో చేసిన నియమాలు చాలావరకు సలహాల్లాగే మిగిలాయి. ఈ సంగతి సుప్రీంకోర్టులో తేలింది. రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, ఇష్టముంటే పాటించండి అన్నట్టున్న 15వ నియమంలోని మొదటి భాగం మూల చట్టానికే విరుద్ధమని కోర్టు కొట్టేసింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు మూడు నెలల్లో చెయ్యమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక ఎక్కడిదో తెలుసా? మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, అక్కడి వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసినది. హైదరాబాద్‌లో రాసిన నివేదిక దేశం మొత్తానికి దారి చూపింది.

అయినా ఈ నిబంధనలన్నీ కార్యాలయాలు, ఆస్పత్రులు, స్టేషన్లు, బడుల గురించి. కుటుంబం తన కోసం కట్టుకునే ఇంటి దగ్గరకొచ్చేసరికి చట్టం గుమ్మం బయటే నిలబడుతుంది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో కట్టే చిన్న ఇళ్లకు అనుమతే అక్కర్లేదంది, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలంది. పేదవాళ్లకు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. మంచిదే. కానీ ఆ ఇంటి మెట్లెంత, తలుపెంత అని చూసేవాళ్లూ లేకుండా పోయారు. పాతబస్తీలో ఇరుకిళ్లన్నీ దాదాపు ఈ కొలతలోవే.

ఇందులో ఒక వింత ఉంది. రేపు మెట్రో స్టేషన్ కడితే అందులో లిఫ్టుంటుంది, వాలుబాట ఉంటుంది, చూపులేని వాళ్ల కోసం నేలమీద గుర్తులుంటాయి. అవన్నీ ఎవరికోసమో ఆ మనిషి తన ఇంటి రెండో అంతస్తులోంచి దిగలేక కిటికీలోంచి రైలు చూస్తూ కూర్చుంటుంది.

గడప, వరద, గల్లీ

వాలుబాట కట్టండి అని చెప్పడం తేలికే. పాతబస్తీలో కట్టడం తేలిక కాదు. నేలకు అరడుగు ఎత్తున్న ఇంటికి 6 అడుగుల వాలుబాట కావాలి. ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవన్నది లెక్క. అడుగు ఎత్తయితే 12 అడుగులు. ఎనిమిది అడుగుల గల్లీలో అది ఎక్కడ పడుతుంది?

పోనీ ఎత్తు తగ్గిద్దామంటే వాన భయం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద కథలు ఇంకా చెప్పుకునే ఊరిది. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ ఇళ్లల్లోకి దూరాయి. ఆ నీళ్లలో మంచాలు తేలడం చూసిన మనిషి ఇంటిని రెండడుగులు ఎత్తకుండా ఉంటాడా? పైగా పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే మళ్లీ మళ్లీ సిమెంటు రోడ్డు పోస్తుంటే వీధి పైకొచ్చి ఇల్లు గుంటలో పడుతుంది. ఇది ఇంటివాళ్ల చేతిలో లేని పని. పాతది తీసి కొత్తది వెయ్యమని బస్తీ అంతా అడగాలి.

ఇక గడప. పసుపు రాసి, బొట్టు పెట్టి లక్ష్మీదేవిగా చూసుకునే గడపను తీసేయమంటే ఏ అత్తగారు ఒప్పుకుంటారు? తీసేయక్కర్లేదు. నాలుగంగుళాల గడప బదులు అరంగుళం మందం చెక్కపట్టీ వేసి, అంచులు నున్నగా వాలు చేయించండి. పసుపూ నిలుస్తుంది, చక్రాల కుర్చీ కూడా దాటుతుంది. వాన నీటికి గుమ్మం ముందు జాలీ వేసిన చిన్న మోరీ పెట్టించుకోవచ్చు.

రెండడుగుల ఎత్తున్న ఇంటికి పూర్తి వాలుబాట కుదరదు. అక్కడ అయిదారు అంగుళాల ఎత్తు, అడుగు వెడల్పున్న మెట్లు, రెండు పక్కలా కడ్డీలు పెట్టినా సగం కష్టం తీరుతుంది. చక్రాల కుర్చీ మనిషికి అది చాలదు, నిజమే. అలాంటి ఇంట్లో వీధి వైపు గదిలోకి సెల్లార్ దారి నుంచో, షట్టర్ వైపు నుంచో పొడవాటి వాలు తీసుకురాగలమా అని ప్లాను గీసేటప్పుడే చూడాలి. స్లాబు పడ్డాక ఏ ఇంజనీరూ ఏమీ చెయ్యలేడు.

మూడే మూడు కోరికలు

అమెరికాలో రోనాల్డ్ మేస్ అని ఒక ఆర్కిటెక్టు ఉండేవారు. చిన్నప్పుడు పోలియో వచ్చి చక్రాల కుర్చీలోనే తిరిగిన మనిషి. వికలాంగులకు విడిగా కట్టడం మాని, మొదటినుంచీ అందరికీ పనికొచ్చేలా కట్టాలన్న ఆలోచనకు ఆయనే పేరుపెట్టారు. అట్లాంటాలో ఎలినార్ స్మిత్ అనే ఆవిడ, ఆమె కూడా పోలియో బాధితురాలే, 1980ల చివర్లో ఇంకా సులువైన మాట చెప్పారు. ప్రతి కొత్త ఇంటికీ మూడే ఉండాలన్నారు. మెట్టు లేని ప్రవేశం ఒకటి. చక్రాల కుర్చీ పట్టే తలుపులు. కింది అంతస్తులో ఒక మరుగుదొడ్డి. ఇంట్లో వికలాంగులున్నా లేకున్నా, చుట్టంగా ఎవరైనా రాగలగాలి అన్నది ఆమె వాదన. ఇంగ్లండ్‌లో 1999 నుంచి కొత్త ఇళ్లకు ఇలాంటి నిబంధనే తెచ్చారు.

ఆ మూడో కోరిక పాతబస్తీకి సరిగ్గా సరిపోతుంది. కింద మొత్తం షట్టర్లకు ఇవ్వకండి. ఒక్క గది, పక్కనే ఒక మరుగుదొడ్డి నేలమీద ఉంచుకోండి. ఈ రోజు అది అత్తగారిది. రేపు కాన్పుకు వచ్చిన కూతురిది. ఎల్లుండి మనదే. ఆ గది కిరాయి నెలకింత పోతోందని ఇంటాయన లెక్క చెబితే, తుంటి ఆపరేషన్‌కు ఆస్పత్రి బిల్లెంత, ఆ తర్వాత ఆరు నెలలు సేవ చేసే మనిషి కూలి ఎంత అని మనమూ లెక్క చెప్పాలి. ఆ కూలి ఎవరూ ఇవ్వరు కాబట్టే ఆ ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు.

మేస్త్రీ వచ్చినప్పుడు అడగాల్సినవి

ఇవి కట్టేముందు చెబితే ఖర్చు పెద్దగా పెరగదు. కట్టాక చెబితే గోడలు పగలగొట్టాలి.

* వీధి గుమ్మం 3 అడుగులు ఉండాలి. స్నానాల గది తలుపు కూడా అంతే. రెండున్నర అడుగుల తలుపులో చక్రాల కుర్చీయే కాదు, మనిషిని పట్టుకుని నడిపించే ఇంకో మనిషి కూడా పట్టదు.

* స్నానాల గది తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తోయడం కుదరదు. గొళ్లెం బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టించండి.

* కమోడ్ పక్క గోడలో ఇటుక కట్టేటప్పుడే స్టీలు కడ్డీకి గట్టి ఆధారం వేయించండి. టవల్ రాడ్డు పట్టుకుని లేస్తే అది ఊడి చేతిలోకొస్తుంది.

* వజూ చేసుకునే చోట, స్నానం చేసే చోట కూర్చోవడానికి ఒకటిన్నర అడుగుల ఎత్తున గట్టు కట్టించండి. నున్నటి టైల్స్ వద్దు. గరుకు టైల్స్, లేదా మన షాబాదు బండలే నయం.

* మెట్లకు రెండు పక్కలా కడ్డీ, మలుపులో లైటు, పైనా కిందా స్విచ్చి. మెట్టు అంచుకు వేరే రంగు పట్టీ వేస్తే చూపు మందగించినవాళ్లకు తెలుస్తుంది.

* కిటికీ గ్రిల్లులో ఒకటైనా లోపలినుంచి తెరుచుకునేది ఉండాలి. తాళంచెవి అక్కడే వేలాడాలి. మెట్ల కింద బండి పెట్టి ఛార్జింగ్ పెట్టొద్దు. మంటొస్తే దిగే దారి అదే.

కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లం ఏం చేస్తాం అంటారు కొందరు. మెట్ల పక్కన కడ్డీ, స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు, రబ్బరు చాప, రాత్రి వెలిగే చిన్న బల్బు, వీటికి ఇంటి ఓనర్ అనుమతి పెద్దగా అక్కర్లేదు. కడ్డీకి కూడా గోడ పాడవదని నచ్చజెప్పండి. ఓనరమ్మకు కూడా మోకాళ్లుంటాయి కదా.

అడగాల్సింది ఇంట్లోనే కాదు

ప్రభుత్వాన్నీ అడగాలి. ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తున్నారు. పునాది లేచిందా, స్లాబు పడిందా అని చూసి బిల్లు చేస్తారు. అలా చూడటానికొచ్చిన ఇంజనీరు తలుపు 3 అడుగులుందా, గుమ్మం ఎత్తెంత అని కూడా టేపు పెట్టి చూడొచ్చు. అందుకు కొత్త చట్టం అవసరం లేదు. 2016 చట్టం 37వ సెక్షన్ ప్రకారం గృహ పథకాల్లో 5 శాతం వికలాంగులకు కేటాయించాలి, అందులో వికలాంగ మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి. మీ బస్తీలో అలా ఎవరికైనా ఇల్లొచ్చిందా అని వార్డు ఆఫీసులో అడగండి. వచ్చిందంటే అది ఎన్నో అంతస్తో కూడా అడగండి.

మెట్రో రోడ్డులో ముందు భాగం పోయిన కుటుంబాల గురించి ఒక్క మాట. పరిహారం చెక్కుతో పాటు, మిగిలిన ముక్కలో మంచి మెట్లతో, కింద ఒక గదితో ఇల్లు ఎలా వస్తుందో చూపించే నాలుగైదు నమూనా ప్లాన్లు ఉచితంగా ఇస్తే ఎంత మేలు! 40 గజాలకు ఒకటి, 60 గజాలకు ఒకటి. గోడలు లేవకముందే ఆ పని జరగాలి. ఒకసారి లేచిన మెట్లు ఇంకో 50 ఏళ్లు అలాగే ఉంటాయి. ఇప్పుడు ఆ ఇంట్లో గంతులేస్తున్న పిల్ల కూడా వాటి మీదే ముసలిదవుతుంది.

కాబట్టి ఈసారి మేస్త్రీ టేపు తీసినప్పుడు టైల్స్ రంగు దగ్గరే ఆగకండి. మెట్టు ఎన్ని అంగుళాలన్నా అని అడగండి. ఆయన మీవైపు వింతగా చూస్తాడు. చూడనివ్వండి. సమాధానం చెప్పేదాకా సిమెంటు కలపనివ్వకండి.